ఇరవయ్యారో నంబరు గొట్టం

పరిశోధన భవనం, రెండో అంతస్తు
మార్చి 9, సోమవారం ఉదయం

బుడగకు,

తూకం రాస్తున్నది. ఉత్తరం అన్నాక ముందు నా క్షేమం చెప్పుకుని తరవాత నీ క్షేమం అడగాలి కాబట్టి, నేను బాగానే ఉన్నాను. రక్తపోటుకి పొద్దున ఒక మాత్ర, చదువుకోవడానికి ఒక కళ్లజోడు కొత్తగా వచ్చి చేరాయి. నీ సంగతి అడగబోతే మాత్రం చెయ్యి ఆడటం లేదు. పదకొండేళ్లు నోరు మూసుకున్నదాన్ని, ఇవాళ ఏ ముఖం పెట్టుకుని అడగను? అయినా అడుగుతున్నాను. ఎలా ఉన్నావే? పొద్దున లేవగానే వరసపెట్టి తొమ్మిది తుమ్ములు తుమ్మేదానివి, నేను దుప్పటి ముసుగులోంచి తిట్టేదాన్ని. అవి తగ్గాయా? అమ్మ కులాసానా? పొలం పని ఇంకా ఆవిడే చూసుకుంటోందా?

కవరు మీద నా చేతిరాత చూస్తే విప్పకుండానే చెత్తబుట్టలో వేస్తావని చిరునామా కంప్యూటర్లో కొట్టి అతికించాను. అది మోసమే. ఇక్కడిదాకా చదివావంటే మాత్రం ఫలించిన మోసం. దయచేసి చివరిదాకా చదువు. ఆ తరవాత చెత్తబుట్ట ఎటూ ఉంది.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. గాజు బాబాయ్ పోయాడు. జనవరి ఇరవై రెండున, మధ్యాహ్నం. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు మంట ముందు కూర్చుని గాజు ఊదినవాడు, చివరి పది రోజులూ తన ఊపిరి తాను తీసుకోలేకపోయాడు. నేను ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గుర్తుపట్టి, మంచం పక్కనున్న సెలైన్ సీసా వైపు వేలు చూపించి, దాని మెడ వంకరగా ఊదారని సైగ చేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కూతురు నవ్వింది, తరవాత వరండాలోకి వెళ్లి ఏడ్చింది.

కింది అంతస్తులో ఆయన గది గుర్తుంది కదా. నల్లద్దాల కళ్లజోడు, తోలు ఏప్రన్, చెవిలో పెన్సిలు. ఏ గొట్టం చేసినా కొసన వజ్రపు ములికితో నంబరు గీసేవాడు. రిజిస్టర్లో తేదీ, నంబరు, ఎవరికిచ్చాడో, ఏ స్థితిలో తిరిగొచ్చిందో రాసుకుని, మన చేత సంతకం పెట్టిస్తే గానీ గడప దాటనిచ్చేవాడు కాదు. నువ్వోసారి సంతకం బదులు పిచ్చుక బొమ్మ గీస్తే వారం రోజులు నీకు గాజు ఇవ్వలేదు. ఎనిమిదో రోజు తనే పైకొచ్చి, “పిచ్చుకమ్మా, గూడు తయారైంది, వచ్చి పట్టుకుపో” అన్నాడు.

ఇకమీదట నీకు తెలిసిన సంగతులే కొన్ని విడమరిచి రాస్తాను, విసుక్కోకు. ఈ ఉత్తరం నువ్వు ఎవరికైనా చూపించాల్సి వస్తే, మన పనేమిటో తెలియనివాళ్లకి కూడా అర్థం కావాలి. ఎందుకు చూపించాల్సి వస్తుందో ముందు ముందు నీకే తెలుస్తుంది.

నత్రజని ఎరువు ఏదైనా అమోనియాతోనే మొదలు. దాన్ని చేస్తున్నది కొండంత ఫ్యాక్టరీల్లో, విపరీతమైన వేడిలో, మామూలు గాలికి వందా రెండు వందల రెట్ల ఒత్తిడిలో. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులూ ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి. మనం చేయబోయింది వేరు. మోచెయ్యంత క్వార్ట్జ్ గొట్టం, మధ్యలో ఉక్కు కడ్డీ, బయట చుట్టిన రాగి వల. ఆ రెంటికీ మధ్య వేల వోల్టుల కరెంటు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి గొట్టంలోకి పంపితే లోపలి వాయువు ఊదారంగులో వెలుగుతుంది. అదే ప్లాస్మా. ఆ వెలుగులో నైట్రోజన్ పట్టు సడలుతుంది. గొట్టంలో పోసిన మిరియాలంత గుళికల మీద పూసిన లోహమే మన ఉత్ప్రేరకం. సడలిన నైట్రోజన్‌ని పట్టుకుని అది హైడ్రోజన్‌తో జత కలుపుతుంది. కొలిమి అక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. బయటికొచ్చే వాయువుని పల్చటి ఆమ్లమున్న సీసాలోకి బుడగలుగా వదిలితే అమోనియా అందులో ఆగిపోతుంది. దానికి మందు చుక్కలు కలిపితే నీలం తిరుగుతుంది. నీలం ఎంత చిక్కనైతే అమోనియా అంత ఎక్కువ.

నువ్వు గంటలకొద్దీ ఆ సీసా ముందు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చునేదానివి. అందుకే నిన్ను బుడగ అన్నాను. ఏ పొడినైనా మూడుసార్లు తూచందే ముట్టుకోనని నువ్వు నన్ను తూకం అన్నావు. ప్రయోగశాలంతా ఆ పేర్లే వాడింది. ఆఖరికి మన గైడు సార్ కూడా.

నీకెందుకంత పట్టుదలో నాకొక్కదానికే తెలుసు. నీకు పన్నెండేళ్లప్పుడు వరదకి వంతెన కొట్టుకుపోయి లారీ రాలేదు. ఎరువు అందక మీ అమ్మ ఆరెకరాల మొక్కజొన్న ఆకులు కింద నుంచి పసుపెక్కుతూ పైకి పాకాయి. ఆవిడ రోజూ గట్టు మీద నిలబడి ఎన్ని ఆకులు పోయాయో చూసి వచ్చేదని చెప్పావు. చుట్టూ గాలి నిండా నైట్రోజనే ఉంటుందని మరుసటి ఏడు బడిలో చెబితే, నీకు కోపం వచ్చిందన్నావు. “గట్టు మీద పెట్టుకునే పెట్టె చేస్తానే. పైన గాలిమర. లోపలికి గాలీ నీళ్లూ, బయటికి ఎరువు. వంతెన ఉంటే ఎంత, పోతే ఎంత” అనేదానివి. నాకు అలాంటి కారణమేమీ లేదు. మార్కులు బాగా వచ్చాయి కాబట్టి వచ్చాను.

పదకొండేళ్ల కిందట, ఆ సంవత్సరం నీ కోబాల్టు గుళికలు పనిచేశాయి. మామూలుగా కాదు. అప్పటిదాకా మనకొచ్చినదానికి నాలుగింతలు. నాలుగు రోజులు వరసగా అదే గొట్టంలో, ఇరవయ్యారో నంబరులో నడిపావు. నాలుగు రోజులూ నీలమే. సార్ జన్మలో మొదటిసారి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చాడు. శుక్రవారం థీసిస్ కమిటీ ముందు పెడదామన్నాడు. అయితే ఒక్క పరీక్ష మిగిలిందనీ, అది నువ్వు కాక వేరే చెయ్యి చేయాలనీ అన్నాడు. అది న్యాయమే. ఆ చెయ్యి నాదైంది.

పరీక్ష చాలా సులువు. నైట్రోజన్ బదులు ఆర్గాన్ పంపాలి. ఆర్గాన్‌లోంచి అమోనియా పుట్టదు. కాబట్టి సీసా రంగు తిరగకుండా నీళ్లలా తెల్లగా ఉండాలి. నీలం వచ్చిందంటే ఆ అమోనియా గాలిలోంచి వస్తున్నది కాదని, గుళికలు తయారుచేసేటప్పుడు వాడిన నైట్రేటు లోపల మిగిలి, అదే అమోనియాగా మారి మనల్ని మభ్యపెడుతోందని అర్థం. దీనికి కొత్త గొట్టం, కొత్త గుళికలు కావాలి. బాబాయ్ దగ్గర నుంచి ఇరవయ్యేడో నంబరు గొట్టం తెచ్చాను. గురువారం పరీక్ష నడిపాను. సీసా నీలం తిరిగింది.

శుక్రవారం ఆ గదిలో ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను. పొడుగాటి బల్ల, అయిదుగురు పెద్దలు. నేను రెండు సీసాలు పక్కపక్కన పెట్టాను. ఒకటి నైట్రోజన్‌తో, ఒకటి ఆర్గాన్‌తో. రెండూ నీలమే. సార్ ముఖంలో నెత్తురు లేదు. నువ్వు లేచి రెండో సీసా తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లావు. చాలాసేపు చూశావు. వెనక్కి తిరిగి, “ఇందులో ఉన్నది కూడా నేను చేసిన అమోనియానే” అన్నావు. ఒకాయన నవ్వాడు. పెద్దావిడ ఒకరు జాలిగా తల వంచుకున్నారు. నువ్వు నన్ను చూసి, “తూకం, గొట్టం కొత్తదేనా?” అని అడిగావు. “కొత్తదే. నా ప్రయోగాల పుస్తకంలో ఉంది చూసుకో, ఇరవయ్యేడు” అన్నాను.

నువ్వు ఇంకేమీ అడగలేదు. నా పుస్తకంలో ఉన్నదంటే ఉన్నట్టే మరి. ఆ పేరు నాకు నువ్వే పెట్టావు.

సార్ నిన్ను కొట్టలేదు, తిట్టలేదు. నువ్వు మోసం చేశావనలేదు, తొందరపడ్డావన్నాడు. వేరే విషయం తీసుకుని మళ్లీ మొదలుపెట్టమన్నాడు. “నేను చేసింది తప్పని నాకు తెలియాలి కదండీ, వదిలేయడానికి” అన్నావు. కొత్త గుళికలు చేసి ఇంకొక్కసారి చూస్తానన్నావు. ఆ గుళికల పేరెత్తొద్దన్నాడు. సోమవారం పొద్దున నువ్వు మన గది ఖాళీ చేశావు. పుస్తకాల పెట్టెకి తాడు కడుతూ, తల ఎత్తకుండానే, “నువ్వైనా నమ్ముతావా?” అని అడిగావు. “సీసా చెప్పింది కదే” అన్నాను. నువ్వు తాడు ముడి విప్పి, మళ్లీ గట్టిగా వేశావు. ఆటో దాకా పెట్టె పట్టుకోనివ్వలేదు.

నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఆ నీలం సీసా మీదే నిలబడింది. లేని అమోనియా ఉన్నట్టు ఎలా కనబడుతుందో, ఎక్కడెక్కడి నుంచి వచ్చి మనల్ని మోసం చేస్తుందో అందులో రాశాను. బాగా రాశావన్నారు. దానితోనే ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఏటా కొత్తగా చేరే పిల్లలకి మొదటి పాఠం అదే చెప్తాను. నీ పేరు చెప్పను. ఒక విద్యార్థిని అంటాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

బాబాయ్ పోయాక ఆయన గదికి ఇంకెవరినీ వేయలేదు. గొట్టాలు ఇప్పుడు తయారుగా కొనుక్కుంటున్నాం. గది ఖాళీ చేయించే పని నామీద పడింది. బీరువా అడుగున పాత రిజిస్టర్లు దొరికాయి. పిచ్చుక బొమ్మ కోసం తిరగేస్తూ ఆ గురువారం పేజీ దగ్గర ఆగాను. ఆయన గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది. ఇరవయ్యేడో నంబరు, ఉదయం తొమ్మిదింటికి ఇచ్చినది. పదింటికి పగిలి తిరిగి వచ్చినది. మరొకటి శనివారం గానీ కాదని చెప్పినాను. పక్కన నా సంతకం.

రాగి వల చుట్టేటప్పుడు గొట్టం పగిలిందన్నమాట. పరీక్ష నడిపింది నీ ఇరవయ్యారులో, నాలుగు రోజులు అమోనియా పీల్చుకుని ఉన్న నీ గుళికలతోనే. అరగంట ఆర్గాన్ వదిలితే అంతా కొట్టుకుపోతుందని అనుకుని ఉంటాను. గుళికలకి అంటుకున్న అమోనియా అంత తేలిగ్గా పోదు, ప్లాస్మా వెలిగాక ఊడివస్తుంది. పుస్తకంలో పేజీ పైన గొట్టం నంబరు పొద్దున్నే రాసుకోవడం నా అలవాటు కదా, ఇరవయ్యేడని అప్పటికే రాసేసి, మార్చడం మరిచిపోయాను. పదకొండేళ్లలో ఆ పగిలిన గొట్టం సంగతి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

ఫిబ్రవరిలో మళ్లీ చేశాను. నువ్వు ప్రయోగశాలలో వదిలి వెళ్లిన పాత పుస్తకంలో ఉన్నట్టే గుళికలు చేశాను. కొత్త గొట్టం, నైట్రోజన్: నీలం. ఇంకో కొత్త గొట్టం, కొత్త గుళికలు, ఆర్గాన్: మంచినీళ్లలా తెలుపు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. తరవాత, అప్పటికే నైట్రోజన్‌తో నడిపిన గుళికల్లోకి ఆర్గాన్ పంపితే, ఆ శుక్రవారం నువ్వు కిటికీ దగ్గర పట్టుకున్న నీలమే. నువ్వన్నదే నిజం బుడగా. రెండో సీసాలో ఉన్నది కూడా నువ్వు చేసిన అమోనియానే.

ఇంకో సంగతి నీకు తెలుసో లేదో. రెండేళ్ల కిందట సముద్రం అవతలి ప్రయోగశాల ఒకటి దాదాపు అలాంటి గుళికలతోనే, దాదాపు అదే అంకె అచ్చు వేసింది. వాళ్లు ఎవరినీ కాపీ కొట్టలేదు, వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. అందులో నీ పేరు లేదు. ఉండే వీలూ లేదు, నీది ఎక్కడా అచ్చు కాలేదు కదా. ఆ వ్యాసం చదివి, ఆ రోజు పాఠం చెప్పకుండా పిల్లల్ని పంపించేశాను.

మూడేళ్ల కిందట మీ ఊరు వచ్చాను. మీటింగుకి. నువ్వు నీటి పరీక్షల ఆఫీసులో పనిచేస్తున్నావని తెలిసి, టీ విరామంలో ఆటో ఎక్కి గేటు దాకా వచ్చాను. కింది గదిలో కిటికీ తెరిచి ఉంది. నువ్వు తెల్లకోటులో, పరీక్షనాళిక వెలుతురుకి పట్టుకుని చూస్తున్నావు. అందులో నీలం ఉంది. మంచినీళ్లలో అమోనియా ఎంత కలిసిందో చూస్తున్నావన్నమాట. పక్కనున్నవాళ్లు ఏదో అన్నారు, నువ్వు నవ్వలేదు. అంకె రాసుకుని ఇంకోటి తీశావు. కాపలాదారు ఎవరు కావాలమ్మా అని అడిగితే, పొరపాటున వచ్చానన్నాను.

విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి పెట్టాను. నా పరీక్షలో పొరపాటు జరిగిందనీ, పాత రిజిస్టరు చూడటంతో ఇప్పుడే బయటపడిందనీ, నీ ఫలితం సరైనదనీ, ఆగిపోయిన నీ థీసిస్ మళ్లీ తీసుకోవాలనీ రాశాను. సార్ రిటైరయ్యాడు. చూపు మందగించింది. ఇంటికెళ్లి చదివి వినిపించాను. “ఇంకొక్కసారి చూస్తానని అడిగింది ఆ పిల్ల. నేనే వద్దన్నాను” అన్నాడు. ఆ మాట రాసిస్తారా అంటే, కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని తనే రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇందులో ఉంది.

నిన్ను రమ్మని అడిగే హక్కు నాకు లేదు. గుళికలు ఉన్నాయి, గొట్టాలు ఉన్నాయి, నీ బల్ల ఖాళీగా ఉంది. అంతే చెప్పగలను. అమ్మకి నా నమస్కారాలు చెప్పాలనిపిస్తే చెప్పు.

ఒకప్పుడు నీ గదిలో ఉన్నది,
తూకం

తా.క. మంగళవారం, మధ్యాహ్నం.

ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. అంటించబోయే ముందు ఒకసారి చదువుకుందామని తీశాను. పైన రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. అది తీసేసి మళ్లీ మొదటి నుంచి రాయొచ్చు. కానీ నిన్నటి దాకా కూడా నేను ఎలాంటిదాన్నో నీకు తెలియాలి, అందుకే దాన్ని అలాగే ఉంచి ఇది రాస్తున్నాను.

గొట్టం పగిలిన సంగతి నేనెప్పుడూ మరిచిపోలేదు. ముక్క గుచ్చుకుని బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి, మనిషి ఎలా మరిచిపోతుంది? “గొట్టం కొత్తదేనా?” అని నువ్వు అడిగినప్పుడు కాదని నాకు తెలుసు. అరగంట ఆర్గాన్ వదిలాను కదా, ఏ గొట్టమైతే ఏమిటి అనుకున్నాను. అయిదుగురి ముందు నా పుస్తకంలో తప్పు అంకె ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతే. అంత చిన్నదే. ఆ సిగ్గు కోసం కొత్తదే అన్నాను.

నువ్వు వెళ్లిన మూడో వారం బాబాయ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని పైకొచ్చాడు. “అమ్మా, పగిలిన ముక్కలు నా బల్ల మీదే ఉన్నాయి. మరి నువ్వు పరీక్ష దేంట్లో చేశావు?” అని అడిగాడు. ఆ వారమే కొత్త గొట్టంలో, కొత్త గుళికలతో, ఆర్గాన్ పరీక్ష మళ్లీ చేశాను. సీసా తెల్లగా ఉంది. సింకులో పారబోశాను. ఫిబ్రవరిలో చేసినవి నిజమే, కానీ అవి మొదటివి కావు. రెండు నెలల్లో నా థీసిస్ అయిపోతుంది, అప్పుడు చెప్తాను బాబాయ్ అన్నాను. ఆయన రిజిస్టరు నా బల్ల మీద పెట్టి, “నీ దగ్గరే ఉంచు, చెప్పేటప్పుడు పనికొస్తుంది” అన్నాడు. అది బీరువాలో దొరకలేదు బుడగా. పదకొండేళ్లూ నా సొరుగులోనే ఉంది. థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది. ఆయన మళ్లీ అడగలేదు. నేను ఏ గొట్టం అడిగినా మునుపటిలాగే చేసిచ్చాడు. కాకపోతే ఆ రోజు తరవాత నన్ను అమ్మా అనలేదు. మేడమ్ అన్నాడు.

విశ్వవిద్యాలయానికి రాసిపెట్టిన ఆ అర్జీ చింపేశాను. ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాసి, రిజిస్టరుతో సహా ఇవాళ పదకొండింటికి రిజిస్ట్రార్ చేతికిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. నకలు ఇందులో పెడుతున్నాను. నా డిగ్రీ తీసేసుకుంటారని ఆయన చెప్పాడు. తీసుకోమన్నాను. వచ్చే వారం నుంచి నేను ఈ గదిలో ఉండను, కాబట్టి జవాబు రాయాలనిపించినా ఈ చిరునామాకి రాయకు. నీ బల్ల మీద గుళికల డబ్బాకి నీ పేరు రాసి పెట్టాను.

ఆసుపత్రికి రెండోసారి వెళ్లినప్పుడు బాబాయ్ ముక్కుకున్న గొట్టం పక్కకి జరిపి, “ఆ పిల్లకి చెప్పావా?” అన్నాడు. చెప్పాను బాబాయ్ అన్నాను. “ఏమంది?” అన్నాడు. ఏడ్చింది, తరవాత నవ్వింది, బాబాయ్‌ని అడిగానని చెప్పమంది అన్నాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని, “మంచి పని చేశావమ్మా” అన్నాడు.

అప్పటికి నీకు ఒక్క ముక్క కూడా రాయలేదు.